మాయమైన గీత

అమెరికా తూర్పు తీరంలో కేప్ కాడ్ అనే భూభాగం ఉంది. మ్యాపులో చూస్తే మోచెయ్యి మడిచి సముద్రంలోకి చాపినట్టు కనిపిస్తుంది. ఆ చెయ్యి మొదట్లో, భుజం దగ్గర, వుడ్స్ హోల్ అనే చిన్న ఊరు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, జీవశాస్త్రవేత్తలు పెట్టేబేడా సర్దుకుని అక్కడికి చేరతారు. పగలు పాఠాలు, సాయంత్రం సముద్రస్నానం, రాత్రి మళ్ళీ ప్రయోగశాల. 1888లో మొదలైన అక్కడి మెరైన్ బయొలాజికల్ లేబొరేటరీకి అసలు ఆకర్షణ పడవల్లో దిగే సరుకు: స్క్విడ్లు, ఆల్చిప్పలు, సీ అర్చిన్లు.

సీ అర్చిన్‌ను చూడనివాళ్ళు ఉమ్మెత్తకాయను తలుచుకుంటే సరిపోతుంది. గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. కొద్దిగా పొటాషియం క్లోరైడ్ సూదిమందుగా ఎక్కిస్తే ఆడదైతే గుడ్లు, మగదైతే వీర్యం వదిలేస్తుంది. గుడ్లు లక్షల్లో వస్తాయి. వీర్యం కలిపిన క్షణం నుంచి అవన్నీ ఒకే తాళానికి అడుగులేస్తాయి. దాదాపు గంటకు ప్రతి గుడ్డూ రెండు కణాలవుతుంది, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది. కణం ఎలా విభజన చెందుతుందో చూడాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా చవకైన, క్రమశిక్షణ గల ప్రాణి దొరకదు.

1982 జూలైలో, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి వేసవి పాఠాలు చెప్పడానికి వచ్చిన 39 ఏళ్ళ టిమ్ హంట్ ఈ గుడ్లతో ఓ మామూలు ప్రయోగం మొదలుపెట్టారు. ఆయన ఆసక్తి కణ విభజన మీద కాదు. ఫలదీకరణ జరిగాక గుడ్డులో ప్రొటీన్ల తయారీ ఎందుకు జోరందుకుంటుందన్నది ఆయన ప్రశ్న. రేడియోధార్మిక గంధకం ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని గుడ్లకు అందించారు. కొత్తగా తయారయ్యే ప్రతి ప్రొటీన్‌లోనూ అది చేరుతుంది. కొన్ని నిమిషాలకోసారి కాసిని గుడ్లు తీసి, వాటిలోని ప్రొటీన్లను జెల్ మీద పరిమాణాన్ని బట్టి విడదీసి, ఎక్స్‌రే ఫిల్ముకు చూపించారు. ఫిల్ము కడిగితే ఒక్కో ప్రొటీన్ ఒక్కో నల్లటి అడ్డగీతగా తేలుతుంది. సమయం గడిచేకొద్దీ గీతలన్నీ చిక్కబడుతూ పోవాలి. అది లెక్క.

గీతలన్నీ అలాగే చిక్కబడ్డాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ మొదట్లో అందరికన్నా జోరుగా నలుపెక్కింది. గుడ్డు రెండుగా చీలే సమయం దగ్గరపడగానే పలచబడి దాదాపు చెరిగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొలిచింది. రెండో విభజన వచ్చింది, మళ్ళీ పోయింది. ఫిల్ము మీద మరక పడిందనో, చెయ్యి వణికిందనో సరిపెట్టుకునే వీలు లేకుండా చుట్టుపక్కల గీతలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కష్టపడి తయారుచేసుకున్న ప్రొటీన్‌ను కణం గంటకోసారి పనిగట్టుకుని పారేయడమేమిటి? ప్రొటీన్ల తయారీని ఎక్కడ ఆపాలి, ఎక్కడ పెంచాలి అన్నదే నియంత్రణ అని నమ్మిన తరం అది. ఉన్నదాన్ని ధ్వంసం చేయడం కూడా ఒక నియంత్రణ పద్ధతేనని అప్పటికి పెద్దగా ఎవరి మనసులోనూ లేదు.

ఆ రోజుల్లోనే వుడ్స్ హోల్‌లో ఓ సాయంకాలపు కబుర్లలో హంట్‌కు బర్క్‌లీ నుంచి వచ్చిన జాన్ గెర్హార్ట్ తారసపడ్డారు. కప్ప గుడ్లలో విభజనను పురిగొల్పే అదృశ్య పదార్థం ఒకటుందని, అదీ ఇలాగే వచ్చిపోతుంటుందని గెర్హార్ట్ చెప్పారు. హంట్ బుర్రలో గంట మోగింది. తన గీతకు 'సైక్లిన్' అని పేరు పెట్టారు. చక్రంలా వచ్చిపోతుంది కాబట్టి ఆ పేరు. హంట్‌కు అప్పట్లో సైకిల్ తొక్కడమంటే మహా ఇష్టం కావడంతో, పేరుకు మూలం ఆ సైకిలేనన్న మాట కూడా ప్రచారంలో ఉంది. 1983లో 'సెల్' పత్రికలో అచ్చయిన ఆ పరిశోధన పత్రంలో సహ రచయితల పేర్లలో వేసవి కోర్సు విద్యార్థులవీ ఉన్నాయి.

ఇంటర్మీడియెట్‌లో బైపీసీ చదివినవాళ్ళకు ఉల్లి వేరు గుర్తుండే ఉంటుంది. గ్లాసులో నీళ్ళు పోసి, మూతి మీద ఉల్లిపాయ కూర్చోబెట్టి, వేళ్ళు దిగాక కొసలు కత్తిరించి, ఎర్రటి రంగు పట్టించి, గాజు పలకల మధ్య బొటనవేలితో నలిపి మైక్రోస్కోప్ కింద పెట్టడం. అదృష్టం బాగుంటే మధ్యలో బారులు తీరిన క్రోమోజోములు, చెరో కొసకూ లాగబడుతున్న క్రోమోజోములు కనిపిస్తాయి. లేకపోతే పక్కవాడి స్లైడు చూసి రికార్డులో బొమ్మ దించుకోవడమే. ఆ పుస్తకాల్లో విభజన దశలకు రంగురంగుల బొమ్మలుంటాయి. ఒక దశ నుంచి మరో దశకు పొమ్మని కణానికి ఎవరు చెబుతారన్నది మాత్రం చాలాకాలం ఏ పుస్తకంలోనూ లేదు. ఎందుకంటే ఎవరికీ తెలియదు.

కంటికి కనిపించే ఆ హడావుడి అంతా కణం జీవితంలో చిన్న ముక్క. 1950ల మొదట్లో లండన్‌లో ఆల్మా హోవార్డ్, స్టీఫెన్ పెల్క్ బఠానీ జాతి బీన్స్ మొక్క వేళ్ళకు రేడియోధార్మిక భాస్వరం పెట్టి, డీఎన్‌ఏ నకలు తయారయ్యేది ఎప్పుడో పట్టుకున్నారు. విభజనకు చాలా ముందే, బయటికి ఏమీ జరగనట్టు కనిపించే నిశ్శబ్దంలో, ఆ పని అయిపోతోంది. అలా కణ చక్రం నాలుగు భాగాలైంది: నకలు తీయడానికి ముందు జీ1, నకలు తీసే ఎస్, ఆ తర్వాతి విరామం జీ2, చివర విభజన ఎం. ప్రయోగశాలల్లో పెరిగే మనిషి కణానికి ఈ చక్రం దాదాపు ఒక రోజు పడుతుంది. అందులో ఎం దశకు పోయేది గంట మాత్రమే.

ఇక్కడే ఈ కథలోకి ఓ తెలుగు పేరు వస్తుంది. తెలుగునాట దీన్ని తలుచుకున్నవాళ్ళు తక్కువ. శాస్త్ర పత్రికల్లో పోతు ఎన్. రావుగా కనిపించే ఈ శాస్త్రవేత్త, బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ జాన్సన్‌తో కలిసి 1970లో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. వేర్వేరు దశల్లో ఉన్న రెండు మనిషి కణాలను వైరస్ సాయంతో ఒకదానికొకటి అతికించి ఒకే కణం చేస్తే ఏమవుతుంది? ఒకే ఇంట్లో ఇద్దరు కాపురం పెట్టినట్టు, రెండు కేంద్రకాలకు ఒకే రసం. ఎవరి మాట ఎవరు వింటారు?

నకలు తీస్తున్న ఎస్ కణానికి ఇంకా మొదలుపెట్టని జీ1 కణాన్ని జతచేస్తే, జీ1 కేంద్రకం తన సమయం రాకముందే నకలు తీయడం మొదలెట్టింది. ఎస్ కణంలో అంటించే సరుకేదో ఉందన్నమాట. అదే ఎస్ కణానికి, నకలు తీయడం పూర్తయిన జీ2 కణాన్ని జతచేస్తే జీ2 కేంద్రకం కదల్లేదు. ఒకసారి తీసిన నకలు మళ్ళీ తీయనని భీష్మించుకుని, పక్కది పూర్తిచేసేదాకా ఆగింది. అన్నిటికన్నా విచిత్రం ఎం దశలో ఉన్న కణానిది. దానికి ఏ కణాన్ని జతచేసినా, అది ఏ దశలో ఉన్నా సరే, ఎదుటి కేంద్రకపు పొర కరిగిపోయి క్రోమోజోములు అకాలంగా ముద్దకట్టాయి. నకలు సగం తీసిన కేంద్రకంలోనైతే అవి పొడిపొడిగా రాలినట్టు కనిపించాయి. విభజించుకోమనే ఆదేశం కణరసంలో తేలుతూ ఉంటుందని, అది ఎవరికి తగిలితే వాళ్ళను లొంగదీస్తుందని దీంతో తేలిపోయింది.

ఈ ప్రయోగం నుంచి పుట్టిన పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. అణు ప్రమాదంలోనో ఆసుపత్రి పొరపాటులోనో మనిషి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో తేల్చాలంటే రక్తంలోని తెల్లకణాల క్రోమోజోముల్లో విరుగుళ్ళు లెక్కపెట్టాలి. ఆ కణాలు మామూలుగా విభజించుకోవు కాబట్టి క్రోమోజోములు కనిపించవు. ఎం దశలోని కణంతో కలిపేస్తే కొద్ది గంటల్లోనే కనిపిస్తాయి.

రావు తర్వాత హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో స్థిరపడ్డారు. 1979లో సుంకర, రైట్ అనే ఇద్దరితో కలిసి మరో అడుగు వేశారు. విభజన దశలోని మనిషి కణాల నుంచి తీసిన రసాన్ని కప్ప అండంలోకి ఎక్కించారు. కప్ప అండం మారుమాట లేకుండా విభజనకు సిద్ధమైపోయింది. మనిషి ఆజ్ఞ కప్పకు అర్థమైంది. పదార్థమేమిటో ఎవరికీ తెలియకపోయినా, అది ప్రాణికోటిలో చాలామందికి ఉమ్మడి ఆస్తి అని ఈ ఒక్క ప్రయోగం గట్టిగా చెప్పింది.

కప్ప అండంలో ఆ పదార్థం ఉందని అంతకు ఎనిమిదేళ్ళ ముందే తెలుసు. జపాన్‌లో పుట్టిన యోషియో మసూయి, క్లెమెంట్ మార్కెర్ట్‌తో కలిసి 1971లో దాన్ని చూపించారు. ప్రొజెస్టెరోన్ హార్మోన్ సోకిన కప్ప అండం పరిపక్వమవుతుంది. ఆ అండం నుంచి చుక్క రసం తీసి, హార్మోన్ ఊసే తెలియని మరో అండంలోకి ఎక్కిస్తే అదీ పరిపక్వమవుతుంది. ఆ సరుకుకు ఎంపీఎఫ్ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ, పట్టుకోవడానికి మరో పదిహేడేళ్ళు పట్టింది. నీళ్ళు కలిపితే పోయేది, కాసేపు బయట ఉంచితే పోయేది. ప్రయోగశాలల్లో కొన్ని జీవితాలు దాని వెంట పరుగెత్తడంతోనే గడిచిపోయాయి.

ఇంతలో మరో రెండు చోట్ల, గుడ్లతో గానీ కప్పలతో గానీ సంబంధం లేని ఇద్దరు ఈస్ట్‌తో కుస్తీ పడుతున్నారు. సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్, బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్‌లో, విభజన మధ్యలో ఆగిపోయే జన్యులోపాలను ఏరి వంద పైచిలుకు జన్యువులను గుర్తించారు. ఎడిన్‌బరాలో పాల్ నర్స్ ఎంచుకున్నది ఇంకో ఈస్ట్. తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల కల్లులో దొరికింది కాబట్టి దాని పేరులోనే 'పోంబే' ఉంటుంది. స్వాహిలీలో ఆ మాటకు బీరు అని అర్థం.

నర్స్ కథ విడిగా ఓ వ్యాసానికి సరిపోతుంది. ఫ్రెంచ్ పరీక్ష ఎన్నిసార్లు రాసినా గట్టెక్కక విశ్వవిద్యాలయంలో సీటు రాక, కొన్నాళ్ళు బీరు కంపెనీ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేశారు. అక్కడి ఈస్ట్ ఎప్పుడు పట్టుకుందో గానీ, ఆయన్ను వదల్లేదు. ఎడిన్‌బరాలో ఆయన వెతికింది పెరగాల్సినంత పెరగకముందే తొందరపడి చీలిపోయే పొట్టి ఈస్ట్ కణాలను. స్కాట్లండ్ మాటలో చిన్నదాన్ని 'వీ' అంటారు, వాటికీ ఆ పేరే పెట్టారు. విభజన ఆగిపోయిందంటే దానికి సవాలక్ష కారణాలుంటాయి, పెట్రోలు అయిపోయినా కారు ఆగుతుంది, టైరు పంక్చరైనా ఆగుతుంది. అదే కారు మామూలుకన్నా జోరుగా పోతోందంటే యాక్సిలరేటర్ దగ్గర ఏదో జరిగినట్టు. అదీ ఆయన తర్కం.

దాదాపు యాభై పొట్టి రకాలు దొరికాయి. అన్నీ ఒకే జన్యువులో లోపాలుగా తేలాయి, విసుగొచ్చింది. ఓ పళ్ళెం బూజు పట్టి కనిపిస్తే చెత్తబుట్టలో పడేసి ఇంటికెళ్ళారు. తర్వాత మనసొప్పక, వానలో తిరిగి ప్రయోగశాలకు వెళ్ళి బుట్టలోంచి ఏరి తెచ్చుకున్నారు. బూజు పట్టిన ఆ పళ్ళెంలోని కణంలో మారిపోయింది సీడీసీ2 అనే జన్యువు. విభజనకు అసలు యాక్సిలరేటర్ అదే. ఆ వాన ఇంకాస్త గట్టిగా కురిసి ఉంటే ఏమయ్యేదో!

1987లో నర్స్, ఆయన సహ పరిశోధకురాలు మెలానీ లీ చేసిన ప్రయోగం మాత్రం సాహసమే. సీడీసీ2 పాడైన ఈస్ట్ కణాలకు మనిషి జన్యువుల ముక్కలను గంపగుత్తగా పోశారు. మనిషికీ ఈ ఈస్ట్‌కూ ఉమ్మడి పూర్వీకుడు నూరు కోట్ల ఏళ్ళకు పైబడి వెనక్కి వెళ్తే గానీ దొరకడు. అయినా కొన్ని ఈస్ట్ కణాలు లేచి కూర్చుని విభజించుకోవడం మొదలెట్టాయి. వాటిలో చేరిన మనిషి జన్యువును తీసి చదివితే, అది సీడీసీ2కు తోబుట్టువులా ఉంది. దాన్నే ఇవాళ సీడీకే1 అంటున్నారు.

మరుసటి ఏడాది, కొలరాడోలో జేమ్స్ మాలర్ బృందం ఎంపీఎఫ్‌ను ఎట్టకేలకు శుద్ధిచేసింది. అందులో ఉన్నవి రెండే ప్రొటీన్లు. ఒకటి ఈస్ట్‌లో నర్స్ పట్టుకున్నదానికి కప్ప రూపం. రెండోది హంట్ ఫిల్ము మీద మాయమైన గీత, సైక్లిన్. సీ అర్చిన్ గుడ్లు, కప్ప అండాలు, కల్లు ఈస్ట్, మనిషి కణాలు అన్నీ ఇన్నేళ్ళూ చెప్పింది ఒకే కథ అని అప్పుడు తెలిసింది. 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. బహుమతిని ముగ్గురికి మించి పంచరు కాబట్టి మసూయి బయట ఉండిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు లాస్కర్ అవార్డును హార్ట్‌వెల్, నర్స్‌లతో పంచుకున్నది ఆయనే. రావు, జాన్సన్‌ల ప్రస్తావన ఈ రంగం చరిత్ర రాసిన చాలా చోట్ల మొదటి పేజీల్లో కనిపిస్తుంది, నోబెల్ జాబితాలో కనిపించదు.

ఇంతకీ సైక్లిన్ చేసేదేమిటి? సొంతంగా చూస్తే ఏమీ లేదు. పని చేసేది ఎంపీఎఫ్‌లో దాని జోడీ, సీడీకే. ఎదుటి ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి నడక మార్చడం దాని వృత్తి. కేంద్రకపు పొరను విప్పదీయడం, క్రోమోజోములను ముద్దకట్టించడం, వాటిని లాగే తాళ్ళను అల్లించడం దాని పర్యవేక్షణలోనే జరుగుతాయి. కానీ సీడీకే ఒంటరిగా ఉంటే చేతులు కట్టేసినట్టు పడి ఉంటుంది. సైక్లిన్ వచ్చి ఆనుకున్నప్పుడే దాని ఆకారం మారి, పనిచేసే నోరు తెరుచుకుంటుంది. సైక్లిన్ ఏ రకమన్నదాన్ని బట్టి సీడీకే ఎవరి మీద చెయ్యి వేయాలో కూడా మారుతుంది. కణంలో సీడీకే మోతాదు ఇంచుమించు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పెరిగేదీ తరిగేదీ సైక్లినే.

అయితే సైక్లిన్ నెమ్మదిగా పోగవుతుంటే కణం మాత్రం ఉన్నట్టుండి విభజనలోకి ఎలా దూకుతుంది? పొయ్యి మీది పాలు ఇక్కడ పనికొస్తాయి. కాగడం నిదానం, పొంగడం ఒక్కసారిగా. నర్స్ పొట్టి కణాల్లో దొరికిన 'వీ1' ప్రొటీన్, సైక్లిన్‌తో జతకట్టిన సీడీకేను కూడా ఒక ఫాస్ఫేట్ తగిలించి అణిచిపెడుతుంది. సీడీసీ25 అనే మరో ప్రొటీన్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడబీకుతుంది. కొన్ని జతలు విడుదల కాగానే అవి సీడీసీ25కు బలమిచ్చి, వీ1ను పడగొడతాయి. దాంతో ఇంకొన్ని, ఆపై మరికొన్ని. నిమిషాల్లో పోగైన సరుకంతా పొంగుతుంది. వెనక్కి తిరిగే దారి ఉండదు.

పొంగడం సగమే. సైక్లిన్ కథలో అసలు కిటుకు పోవడంలో ఉంది. అమెరికాలో ఆండ్రూ మర్రే, మార్క్ కిర్ష్‌నర్ 1989లో కప్ప గుడ్ల రసంలోని ఆర్‌ఎన్‌ఏ సందేశాలన్నీ చెరిపేసి, సైక్లిన్ తయారీకి కావలసిన సందేశం ఒక్కటే కలిపారు. అదొక్కటి చాలు, పరీక్షనాళికలో చక్రం తిరిగింది. తర్వాత సైక్లిన్ తోకలాంటి మొదటి ముక్క కత్తిరించి అదే పని చేశారు. ఆ ముక్క లేని సైక్లిన్‌ను కణం నాశనం చేయలేదు. చక్రం విభజన మధ్యలో అలాగే బిగుసుకుపోయింది.

వినాయక చవితి పందిరి వేసిన వీధివాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. విగ్రహం వచ్చాక పూజలు, ప్రసాదాలు, పాటలు అన్నీ జరుగుతాయి. కానీ నిమజ్జనం అయ్యేదాకా పందిరి విప్పరు, వీధిలో బండ్లు తిరగవు, మామూలు రోజు రాదు. సైక్లిన్ అలాంటి దేవుడు. తేవడం ఎంత ముఖ్యమో, పంపడమూ అంతే ముఖ్యం. పంపకపోతే రెండు పిల్ల కణాలు విడిపోవు, కేంద్రకపు పొర తిరిగి అల్లుకోదు, వచ్చే చక్రానికి లెక్క మొదలుకాదు.

ఆ నిమజ్జనానికి కణంలో పెద్ద యంత్రాంగమే ఉంది. ఏపీసీ అనే ప్రొటీన్ల గుంపు సైక్లిన్ తోక మీది గుర్తును పోల్చుకుని, దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను వరుసగా తగిలిస్తుంది. అది మరణశాసనం అతికించడం లాంటిది. ఆ చీటీ ఉన్నదేదైనా ప్రొటియాజోమ్ అనే గొట్టంలో పడి ముక్కలు కావాల్సిందే. ఈ చీటీ వ్యవస్థను కనిపెట్టిన అవ్రామ్ హెర్ష్‌కో, ఆరన్ చీహనోవర్, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. యాదృచ్ఛికమో మరేమో, సైక్లిన్ ఎలా పోతుందో తేల్చడానికి హెర్ష్‌కో కూడా వుడ్స్ హోల్ ఆల్చిప్పల గుడ్లనే ఆశ్రయించారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. క్రోమోజోముల్లో ఒక్కటి తాడుకు చిక్కకుండా మిగిలి ఉన్నా అది ఏపీసీని ఆపుతుంది. ఊరేగింపు బయల్దేరేముందు అందరూ వచ్చారా లేదా అని చూసుకునే పెద్దాయన ప్రతి కణంలోనూ ఉన్నాడు. ఆయన కునికిపాటు పడితే ఒక పిల్ల కణానికి క్రోమోజోము ఎక్కువ, ఇంకోదానికి తక్కువ.

మనిషిలో సైక్లిన్ జన్యువులు దాదాపు ముప్ఫై. చక్రం నడిపేవి ప్రధానంగా నాలుగు రకాలు: డి, ఇ, ఎ, బి. హంట్ చూసిన తరహా ఎ, బిలది. గడియారంలా వచ్చిపోతాయి. డి మాత్రం వేరే కులం. అది కణం బయట నుంచి కబురొస్తేనే పుడుతుంది. గాయమైంది పెరగమన్న కబురు, ఈస్ట్రోజెన్ పంపిన కబురు, ఏదైనా సరే. డి వచ్చి సీడీకే కుటుంబంలోని సీడీకే4, సీడీకే6లను లేపుతుంది. అవి ఆర్‌బీ అనే కాపలాదారు ప్రొటీన్‌కు ఫాస్ఫేట్లు తగిలించి దాని పట్టు సడలిస్తాయి. కాపలా సడలితే డీఎన్‌ఏ నకలుకు కావలసిన జన్యువులు విప్పుకుంటాయి, ఇ రకం సైక్లిన్ పుడుతుంది, కణం జీ1 దాటేస్తుంది. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా క్యాన్సర్‌లో పోయింది ఈ కాపలాదారే. ఆర్‌బీ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

డి తప్పుదోవ పడితే ఏమవుతుందో 1991లో బోస్టన్‌లో ఆండ్రూ ఆర్నల్డ్ బృందం చూసింది. మెడలో థైరాయిడ్‌ను ఆనుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డలు. ఆ కణాల్లో పదకొండో క్రోమోజోము ముక్క తిరగబడి అతుక్కుంది. దాంతో పారాథైరాయిడ్ హార్మోన్‌ను నిత్యం తయారుచేయించే స్విచ్, తెలియని ఓ జన్యువు పక్కన వచ్చి పడింది. ఆ జన్యువే సైక్లిన్ డి1. హార్మోన్ తయారవ్వాల్సిన జోరుతో సైక్లిన్ తయారైంది, కబురు రాకపోయినా కణాలు విభజించుకున్నాయి. మాంటిల్ సెల్ లింఫోమా అనే రక్త క్యాన్సర్‌లోనూ ఇదే జన్యువు వేరే స్విచ్ చేతికి చిక్కుతుంది. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగంలో డి1 మోతాదు ఎక్కువే. కపోసీ సార్కోమాకు కారణమయ్యే హెర్పిస్ జాతి వైరస్ ఇంకా గడుసుది. ఎప్పుడో తన ఆతిథేయి కణం నుంచి సైక్లిన్ జన్యువును ఎత్తుకెళ్ళి, కణం తాళాలేవీ పట్టించుకోని సొంత నమూనా తయారుచేసుకుంది.

సైక్లిన్‌ను మందుతో పట్టుకోవడం కష్టం. అది ఆనుకునే ఫలకమే తప్ప మందు దూరే గూడు లేదు. సీడీకేకు ఆ గూడు ఉంది. అయితే ఏ సీడీకేను ఆపాలి? సీడీకే1ను ఆపితే ఒంట్లో ఏ కణమూ విభజించుకోలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్ళలో మరో తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం, మరియానో బార్బాసిద్‌తో కలిసి, సీడీకే4 జన్యువు లేని ఎలుకలను పుట్టించింది. 1999లో ప్రచురించిన ఆ ఫలితం ఎవరూ ఊహించనిది. ఎలుకలు బతికాయి. పొట్టిగా ఉన్నాయి, పిల్లల్ని కనడంలో ఇబ్బంది పడ్డాయి, క్లోమంలో ఇన్సులిన్ కణాలు చాలక చక్కెర వ్యాధి తెచ్చుకున్నాయి. కానీ బతికాయి. తర్వాత రెడ్డి బృందమే, ఒక రకం రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో పుట్టడానికి సీడీకే4 తప్పనిసరి అని కూడా చూపించింది. ఒంటికి అది లేకపోయినా ఎలాగో గడుస్తుంది, గడ్డకు మాత్రం గడవదు. మందు తయారుచేసేవాళ్ళకు ఇంతకన్నా మంచి వార్త ఉండదు.

2015 ఫిబ్రవరిలో పాల్బోసిక్లిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ 2017లో వచ్చాయి. మూడింటి పనీ ఒకటే: సీడీకే4, 6 నోట్లో అడ్డంగా కూర్చోవడం. ఈస్ట్రోజెన్ కబుర్లతో పెరిగే, ఒళ్ళంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 666 మంది మహిళలపై జరిగిన పరీక్షలో, హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర ఒక్కటే వాడినవాళ్ళలో వ్యాధి ముదరకుండా ఆగింది మధ్యస్థంగా 14.5 నెలలు. పాల్బోసిక్లిబ్ కూడా కలిపినవాళ్ళలో 24.8 నెలలు. నయం చేసే మందని ఎవరూ అనలేదు, పది నెలలు ఆపింది. భారత్‌లో దీని పేటెంట్ 2023 జనవరిలో ముగిసింది. దేశీయ జెనరిక్‌లు మార్కెట్లోకి దిగి ధర కిందికి దిగింది.

క్యాన్సర్ మందుల్లో ఇది ఏ మలుపో తెలియాలంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దాకా వెళ్ళాలి. లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా వ్యాధిని వెనక్కి తగ్గించారు. ఇవాళ్టికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. ఆ జాతి మందులు డీఎన్‌ఏ నకలుకు కావలసిన ఇటుకలు దొరక్కుండా చేస్తాయి. అంటే కణం ఎస్ దశలో పని మొదలెట్టాక మధ్యలో సరుకు నిలిపేస్తాయి, సగం కట్టిన గోడతో కణం కూలుతుంది. పాల్బోసిక్లిబ్ అంతకు ముందే, జీ1 గుమ్మం దగ్గరే, కణాన్ని కూర్చోబెడుతుంది. చంపడం కన్నా ఆపడం దాని పద్ధతి.

ఆ తేడా రోగి క్యాలెండర్‌లో కనిపిస్తుంది. మాత్ర రోజుకొకటి చొప్పున 21 రోజులు, తర్వాత 7 రోజులు విరామం. ఎముక మజ్జలో తెల్లకణాలను పుట్టించే కణాలూ సీడీకే6 మీదే ఆధారపడతాయి, కాబట్టి మూడు వారాల్లో తెల్లకణాల లెక్క పడిపోతుంది. పాత కీమో మందుల్లో ఆ పతనానికి కారణం కణాలు చావడం. ఇక్కడ అవి చావవు, గుమ్మం దగ్గర ఆగి ఉంటాయి. నాలుగో వారంలో మాత్ర ఆగగానే సీడీకే నోరు ఖాళీ అవుతుంది, డి సైక్లిన్ వచ్చి ఆనుకుంటుంది, మజ్జలో చక్రం ఆగిన చోటు నుంచే కదులుతుంది. 29వ రోజు రక్తపరీక్ష కాగితంలో న్యూట్రోఫిల్స్ అంకె పైకి వచ్చి ఉంటే, డాక్టరు ఇంకో 21 మాత్రలు రాస్తారు.